పొట్టి చెవుల కుందేళ్ళు, నేను పెట్టని సంతకం

1995 మే నెల. కొత్తపేటకి ఏడెనిమిది మైళ్ళ దూరంలో ఒక ఊరి పశువుల ఆసుపత్రి. ఊరి పేరు రాయను. అప్పటి మనుషులు చాలామంది ఇంకా అక్కడే ఉన్నారు, ఎదురుపడితే పలకరిస్తారు. ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక వరండా, వాకిట్లో ట్రెవిస్. ట్రెవిస్ అంటే ఇనప గొట్టాలతో చేసిన చట్రం. గేదెను అందులో నిలబెట్టి ముందూ వెనకా గొట్టం అడ్డం పెడితే ఇక కదలలేదు. అక్కడ నేను అటెండరుని.

మా ఆయన అదే ఆసుపత్రిలో అటెండరు. ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. ఆడమనిషి గేదె కాళ్ళు కడుతుందా అని మొదట్లో నవ్వినవాళ్ళున్నారు. కట్టాను. సూడి కట్టని ఆవుల్ని పట్టుకున్నాను, పుళ్ళు కడిగాను, ఈనలేక పడిపోయిన గేదె పక్కన గడ్డిలో కూర్చున్నాను. కొన్నేళ్ళకి నవ్వేవాళ్ళకి విసుగొచ్చింది. నాకు రాలేదు.

ఈ పని గురించి తెలియనివాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. అటెండరు చేతిలో ఎప్పుడూ ఉండేది జంతువు చెవి. డాక్టరుగారు థర్మామీటరు కడిగి విదిలించేలోపు నేను చెవి మొదలు పట్టుకుని చూసేదాన్ని. ఈనిన రెండో రోజు గేదె లేవడం లేదంటే, చెవులు చల్లగా మంచుముక్కల్లా ఉంటే, అది మిల్క్ ఫీవర్. పేరులో జ్వరం ఉంది కాని ఒళ్ళు చల్లబడిపోయే జబ్బు అది. ఒంట్లో సున్నం తగ్గిపోయి వస్తుంది. డాక్టరుగారు కాల్షియం సీసా ఎక్కిస్తే అరగంటలో లేచి నిలబడుతుంది. అలాగే బ్లడ్ స్మియర్ తియ్యాలంటే, అంటే గాజు పలక మీద నెత్తురు చుక్క పూయాలంటే, చెవి అంచున ఉన్న నరాన్నే సూదితో గుచ్చుతారు. చెవిని వెలుగుకి ఎదురుగా పెట్టి నరం ఎక్కడుందో చూపించడం నా పని. ఆ లెక్కన కొన్ని వేల చెవుల్ని వెలుగులో చూసి ఉంటాను.

నాకు అక్షరాలు ముప్పై తొమ్మిదో ఏట వచ్చాయి. మా ఊరి బడిలో పనిచేసిన సుగుణ టీచరుగారు సాయంత్రాలు తన ఇంటి వరండాలో ఆడవాళ్ళకి చదువు చెప్పేవారు. ఎనిమిది మందిమి వెళ్ళేవాళ్ళం. ఆవిడ మెత్తటి మనిషి కాదు. పేడ చేతులు కడుక్కోకుండా పలక పట్టుకుంటే లేపి పంపేసేవారు. అంతకుముందు నావన్నీ వేలిముద్రలే. ఒకసారి చచ్చిపోయిన ఆవు తాలూకు కాగితం మీద వేలిముద్ర వేశాను. పాము కరిచిందని రాశామన్నారు. వారం తర్వాత ఆవు యజమాని వచ్చి, "తిండి పెట్టక చంపేసేనని రాస్తే నువ్వెలా ఒప్పుకున్నావు బుల్లెమ్మా?" అని అడిగాడు.  మర్నాడే టీచరుగారి వరండా మెట్లెక్కాను.

ఆవిడ రిటైరయ్యాక కుందేళ్ళు పెంచడం మొదలుపెట్టారు. అప్పట్లో కుందేళ్ళ పెంపకం కొత్త. రెండు రకాలు తెప్పించారు. ఒక రకం తెల్లవి. పల్చటి తోలు, సన్నటి ఒళ్ళు, ఇంత పొడుగు చెవులు. రెండోది బూడిదరంగువి. ఎక్కడో చలికొండల మీద పెంచినవట. దట్టమైన బొచ్చు, గుండ్రటి ఒళ్ళు, పొట్టి చెవులు. చూడడానికి బూడిదవే అందంగా ఉండేవి. ఊళ్ళో పిల్లలంతా వాటి చుట్టూనే మూగేవారు. మొత్తం నలభై ఏడు. ఎండాకాలం పోయాక, చదువుకున్న ఎనిమిది మందికీ తలా ఒక జత ఇస్తానని టీచరుగారు మాటిచ్చారు.

మొదట కొబ్బరితోటలో తాటాకు పాక వేసి అందులో పెట్టారు. ఒక రోజు పైనుంచి కొబ్బరికాయ ఊడిపడి పాక కప్పు చీల్చుకుని ఒక తెల్ల కుందేలు నడుం విరిచి చంపేసింది. కోనసీమలో కొబ్బరిచెట్ల కింద నడిచేటప్పుడు అందరం తలెత్తి చూసే నడుస్తాం. ఆవిడ బెదిరిపోయి, ఏప్రిల్‌లో చెట్టన్నది లేని చోట, ఇంటి వెనక ఖాళీ పెరట్లో, ఇనప రేకుల షెడ్డు వేయించారు. వడగాలి తగలకుండా నాలుగు పక్కలా గోనెపట్టాలు కట్టి, అవి ఎప్పుడూ తడిగా ఉండేలా నీళ్ళు చల్లించేవారు. పాపం ఎంతో జాగ్రత్తగా చేశారు. కాయ దెబ్బ తప్పించబోయి నీడ పోగొట్టుకున్నారని అప్పుడు ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

మే మూడో వారంలో ఎండలు మండిపోయాయి. మూడు రోజుల్లో పది కుందేళ్ళు చచ్చిపోయాయి. తొమ్మిది బూడిదవి, ఒకటి తెల్లది. అంతకుముందు ఏడాదే ఎక్కడో ప్లేగు వచ్చిందని పేపర్లో చదివిన భయం ఊళ్ళో ఇంకా ఉంది. మాజీ ప్రెసిడెంటు సూర్యారావుగారి మనవడు ఆ కుందేళ్ళతో ఆడుకునేవాడు. వాడికి జ్వరం వచ్చింది. ఇంకేముంది, టీచరమ్మ పెరట్లోంచి రోగం బయల్దేరిందన్నారు.

మా డాక్టరు శ్రీనివాస్‌గారు ఉద్యోగంలో చేరి మూడు నెలలే అయింది. కుర్రాడు, మంచివాడు. నలుగురు గట్టిగా మాట్లాడితే మెత్తబడిపోయేవాడు. చచ్చినవాటిలో రెండింటికి పోస్టుమార్టం చేశారు. ఊపిరితిత్తులు నెత్తురు పట్టి ఎర్రగా ఉన్నాయి. బతికున్నవాటికి థర్మామీటరు పెడితే నూట అయిదు, నూట ఆరు. కుందేలుకి నూట మూడు దాకా మామూలే. ఊపిరితిత్తుల ముక్కలు కాకినాడ లాబ్‌కి పంపితే జవాబు రావడానికి వారం పైనే పడుతుంది. సూర్యారావుగారు వారం ఆగేలా లేరు. మర్నాడు పొద్దున్నకల్లా ఒక నిర్ణయం జరిగిపోయింది. మిగిలిన ముప్పై ఆరింటినీ చంపి, గోతిలో వేసి, సున్నం చల్లి పూడ్చెయ్యాలి. అందుకు పంచనామా రాయాలి. పంచనామా అంటే ఏం జరిగిందో సాక్షుల ఎదుట రాసుకునే కాగితం. సాక్షుల్లో ఒక పేరు ఆసుపత్రి తరఫున నాది.

పది గంటలకి టీచరుగారి పెరట్లోకి వెళ్ళేసరికి గొయ్యి తవ్వేసి ఉంది. ఇద్దరు మనుషులు గోనెసంచులు పట్టుకుని నిలబడ్డారు. టీచరుగారు వంటింటి గుమ్మంలో కూర్చుని ఉన్నారు. ముప్పై ఏళ్ళు పిల్లల్ని గదమాయించిన మనిషి, ఆ రోజు నోరు లేనట్టు కూర్చున్నారు. సూర్యారావుగారు అరుగు మీద కుర్చీ వేయించుకున్నారు. పంచాయతీ గుమాస్తా కాగితం నా ముందు పెట్టాడు.

"ఏవమ్మా బుల్లెమ్మా, ఆ సంతకమేదో పడేస్తే ఎండెక్కకుండా పని కానిచ్చేద్దారు," అన్నారు సూర్యారావుగారు.

"చదివి పెడతానండి."

"చదువుతావా. చదువమ్మా, చదువు. సాయంత్రం దాకా చదువు. సున్నం బస్తా కూడా వచ్చేసింది, అదీ వింటాది."

గోనెసంచుల వాళ్ళు నవ్వారు. నేను వేలు పెట్టి ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివాను. గుమాస్తా రాత గొలుసుకట్టు. నాకు చాలాసేపే పట్టింది. "అంటువ్యాధి సోకి మరణించినట్టు మా సమక్షంలో నిర్ధారణ అయినది" అని ఉంది. మా సమక్షంలో అంటే నా ఎదురుగా అని. నా ఎదురుగా ఏదీ నిర్ధారణ కాలేదు. నేను ఆ మూడు రోజులూ సూడి పరీక్షలకి పక్క ఊళ్ళు తిరుగుతున్నాను. ఆ కుందేళ్ళని ముట్టుకోనైనా లేదు.

కాగితం అరుగు మీద పెట్టి షెడ్డులోకి వెళ్ళాను. లోపల అడుగుపెట్టగానే ఊపిరి ఆడలేదు. పైన రేకులు, చుట్టూ తడి గోనెలు, గాలి చొరబడే సందు లేదు. ఇడ్లీపాత్ర మూత తీసినట్టు మొహానికి ఆవిరి కొట్టింది. కుందేళ్ళు పంజరాల్లో సాగిలపడి రొప్పుతున్నాయి. అలవాటు కొద్దీ ఒక తెల్లదాని చెవి పట్టుకున్నాను. కాలిపోతోంది. ఎత్తి వెలుగుకి పెట్టి చూస్తే నరాలు దారాల్లా ఉండాల్సినవి పురికొసల్లా ఉబ్బి ఉన్నాయి. ఇంకోటి, ఇంకోటి. అన్నీ అంతే. బూడిదవాటి చెవులూ అలాగే కాలుతున్నాయి. కాని పట్టుకోవడానికి చేతికి వచ్చే చెవే అంతంతమాత్రం.

అప్పుడు నాకు గేదెలు గుర్తొచ్చాయి. అంటు జ్వరం ఎక్కుతున్న గేదె ఎలా ఉంటుందో నా చేతులకి తెలుసు. లోపల ఒళ్ళు కాలుతూ ఉంటుంది, చెవులు మాత్రం చల్లగా ఉంటాయి, రోమాలు నిక్కబొడుచుకుంటాయి, వణుకుతుంది. ఒళ్ళు వేడిని దాచుకుంటోందన్నమాట. ఇక్కడ దాచుకోవడం లేదు. వదిలించుకోవడానికి నానా తంటాలూ పడుతోంది.

బయటికి వచ్చి చెప్పాను. "ఇది రోగం కాదండి. నేను సంతకం పెట్టను."

 సూర్యారావుగారు డాక్టరుగారి వైపు తిరిగి, "ఏవండి డాక్టరుగారూ, ఆసుపత్రిలో డాక్టరు మీరా, ఈవిడా?" అన్నారు.

డాక్టరుగారి మొహం ఎర్రబడింది. "బుల్లెమ్మా, టెంపరేచర్ నువ్వూ చూడు. నూట ఆరు. ఊపిరితిత్తులు నేను కళ్ళారా చూశాను. ఇంకేం కావాలి?"

"చెవులు చూసేరా అండి?"

"చెవులేమిటి?"

"మొన్నామధ్య గొంతువాపు గేదెకి చెవులు ఎలా ఉన్నాయండి? చల్లగా లేవూ? మీరే పట్టుకుని చూసేరు. వీటికి ఒంటికన్నా చెవులే ఎక్కువ కాలుతున్నాయి. ఒక్కసారి లోపలికొచ్చి వెలుగులో పెట్టి చూడండి. ఆ తర్వాత నన్ను ఏమన్నా పడతాను."

"నీకూ ఒక జత ఇస్తానంది కదమ్మా టీచరమ్మ," అన్నారు సూర్యారావుగారు తాపీగా. "ఆ జత కోసం ఊరి పిల్లల మీదకి తెస్తావా?"

ఆ మాట నన్ను నిజంగా కాల్చింది. "ఇస్తానన్నారండి. ఆయ్, నిజమే. మరి ఇన్నేళ్ళూ మీ గేదెల చెవులు పట్టుకున్నాను, మీరు నాకు ఎన్ని జతలిస్తానన్నారండి?"

గోనెసంచుల వాళ్ళు ఈసారి అటు తిరిగి నవ్వారు.

టీచరుగారు లేచి నా దగ్గరికి వచ్చారు. చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, "పెట్టెయ్యమ్మా. నీకు ఉద్యోగం ముఖ్యం. కుందేళ్ళదేముంది," అన్నారు.

"చదవకుండా పెట్టొద్దని మీరే కదండీ చెప్పింది."

"చదివేవు కదా."

"చదివేను కాబట్టే పెట్టనండి."

ఆవిడ చెయ్యి వదిలేశారు.

డాక్టరుగారు ఏమనుకున్నారో, షెడ్డులోకి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళి ఒక తెల్లదాన్ని ఎత్తి చూపించాను. ఆయన చెవిని వెలుగులో పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత బూడిదదాన్ని చూశారు. చొక్కా అప్పటికే తడిసిపోయి ఒంటికి అంటుకుంది. "మనమే ఇక్కడ నిలబడలేకపోతున్నాం," అన్నారు మెల్లగా. నాతో కాదు, తనతోనే అన్నట్టు. బయటికి వచ్చి సూర్యారావుగారితో, "సాయంత్రం దాకా టైమివ్వండి. ఒకటి చూడాలి," అన్నారు.

"ఏం చూస్తారండి? నా మనవడు మూలుగుతున్నాడు అక్కడ."

"రోగమైతే నీడలో పెట్టినా జ్వరం తగ్గదు. వడదెబ్బయితే తగ్గుతుంది. అయిదింటికి తగ్గకపోతే నా చేత్తో నేనే ఇంజక్షన్ చేసి పడుకోబెడతాను."

"తగ్గకపోతే సంతకం నేనూ పెడతానండి," అన్నాను. "ఉద్యోగమూ వదిలేస్తాను."

ఆ రెండో మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నదాన్ని. కాని అన్నాను, నలుగురూ విన్నారు.

పంజరాలన్నీ తోటలోకి మార్చాం. చదువుకోవడానికి వచ్చే ఆడవాళ్ళు కబురు తెలిసి వచ్చి తలో చెయ్యీ వేశారు. కాయలు పడతాయన్న భయం టీచరుగారికి ఇంకా పోలేదు. అందుకని ఆ వారంలోనే దింపు తీసిన చెట్ల కింద, అంటే కాయలు కోసేసిన చెట్ల కింద, వరసగా పెట్టాం. కాలువ వైపు నుంచి కాస్త గాలి వస్తోంది. నేను బిందెడు నీళ్ళు తెచ్చి కుందేళ్ళ మీద కుమ్మరించబోతే డాక్టరుగారు ఆపారు.

"ఒళ్ళు తడపొద్దు. బొచ్చు తడిస్తే గాలి ఆడదు. గుడ్డ తడిపి చెవులకే అద్దండి. ఐసు కూడా వద్దు, నరాలు ముడుచుకుపోతాయి."

కుండలో నీళ్ళు తెచ్చుకుని, పాత పంచె చింపిన గుడ్డలతో ఎనిమిది మంది ఆడవాళ్ళం కూర్చుని కుందేళ్ళ చెవులు తుడిచాం. చంటిపిల్లలకి జ్వరం వస్తే నుదుటి మీద గుడ్డ వేసినట్టే. డాక్టరుగారు థర్మామీటరు పట్టుకుని ఒక్కొక్క పంజరం దగ్గరికి వెళ్ళి చూస్తుంటే, నేను పలక మీద అంకెలు రాశాను. గంటలో తెల్లవి నూట మూడున్నరకి దిగాయి. వెడల్పాటి చెవి, నీళ్ళు అద్దగానే గాలికి ఆరుతుంది, మళ్ళీ అద్దుతాం, మళ్ళీ ఆరుతుంది. బూడిదవాటికి అద్దడానికి చోటు చాలదు. వాటివి నూట అయిదు దగ్గరే ఆగిపోయాయి.

రెండున్నరకి ఒక బూడిద కుందేలు నా ఒళ్ళోనే కాళ్ళు తన్నుకుని చచ్చిపోయింది.

సూర్యారావుగారు భోజనం చేసి మళ్ళీ వచ్చి కూర్చున్నారు. "అదిగో," అన్నారు.   ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. నావీ ఆగాయి. ఒకవేళ నేనే తప్పేమో, కాలుతున్న చెవులని చూసి ఏదో ఊహించుకున్నానేమో, రేపు ఈ ఊళ్ళో పిల్లలెవరికైనా ఏమైనా అయితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి. ఆ పావుగంట నాకు బాగా గుర్తుంది.

డాక్టరుగారు పలక తీసుకుని అంకెలు చూశారు. "బుల్లెమ్మా, ఆగకండి. బూడిదవాటికి కడుపు కింద బొచ్చు కత్తిరించండి. చెవి చాలనప్పుడు ఒళ్ళే చెవి కావాలి."

టీచరుగారు కుట్టుపని కత్తెర తెచ్చారు. ఆవిడే కూర్చుని పది బూడిద కుందేళ్ళకీ బొచ్చు తీశారు. తీస్తూ ఒకే మాట అన్నారు. "రేకులు వేయించి నేనే ఉడకబెట్టేసేను కదే." 

నాలుగు దాటాక అవీ దిగడం మొదలుపెట్టాయి. నూట నాలుగు. నూట మూడున్నర. నాలుగున్నరకి ఒక తెల్లది లేచి, ముందు కాళ్ళు మొహానికి రాసుకుని, మేము పడేసిన తోటకూర కాడ నమలడం మొదలుపెట్టింది. ఎవరో "తింటంది," అన్నారు. అందరం దాని నోటి వైపే చూశాం. అయిదు గంటలకి డాక్టరుగారు ముప్పై అయిదింటికీ మళ్ళీ థర్మామీటరు పెట్టారు. ఒక్కటి తప్ప అన్నీ నూట మూడు, ఆ చుట్టుపక్కలే. ఆ ఒక్కటీ మర్నాడు పొద్దున్న పోయింది. అదీ బూడిదదే.

డాక్టరుగారు గుమాస్తా దగ్గర కాగితం తీసుకుని అడ్డంగా గీత కొట్టారు. వేరే కాగితం మీద తన రాతతో "వడదెబ్బ, గాలి చాలని షెడ్డు వల్ల" అని రాశారు. అది నేను రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. సూర్యారావుగారు పెట్టలేదు. లేచి, కండువా దులుపుకుని, "మీ ఇష్టం అండి. నా మనవడికి ఏవన్నా అయితే మాత్రం ఊరుకోను," అని వెళ్ళిపోయారు. ఆయన మీద నాకు అప్పుడు కోపం వచ్చింది కాని, ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాటలో తప్పేం లేదు. తాత భయం అది. మూడో రోజుకి పిల్లవాడి ఒళ్ళంతా పొక్కులు లేచాయి. ఆటలమ్మ. బడిలో అప్పటికే నలుగురు పిల్లలకి ఉంది.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం, ఆసుపత్రి ఖాళీగా ఉన్నప్పుడు డాక్టరుగారిని అడిగాను. చెవులు ఒకదానికి పెద్దవి, ఒకదానికి చిన్నవి ఎందుకుంటాయండీ అని. ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

కుందేలుకి మనలాగా చెమట పట్టదు. ఒంట్లో వేడి ఎక్కితే నెత్తురు చెవుల్లోకి పరుగెత్తుతుంది. పల్చటి తోలు, పైన బొచ్చు లేదు, గాలి తగిలి నెత్తురు చల్లబడి మళ్ళీ ఒంట్లోకి పోతుంది. అందుకే ఎండ దేశాల కుందేళ్ళకీ నక్కలకీ చెవులు పెద్దవి. మంచు దేశాల వాటికి చిన్నవి, బొచ్చు కప్పుకుని ఉంటాయి. అక్కడ వేడి పోగొట్టుకుంటే ప్రాణం పోతుంది, పెద్ద చెవి ఉంటే గడ్డకట్టి ఊడిపోతుంది.

"మరి ఏనుగుకండి?"

"అంత పెద్ద ఒంట్లో పుట్టే వేడి పోవడానికి పైతోలు చాలదు. అందుకే చేటల్లాంటి చెవులు. విసురుకుంటుంది కూడా."

"గేదెకీ నల్లటి ఒళ్ళే, చెమటా సరిగా పట్టదు. చెవులు చూస్తే ఇంతే."

ఆయన కాస్త ఆలోచించారు. "గేదెకి కాలువ ఉంది కదా."

నాకు నవ్వొచ్చింది. నిజమే. గేదెకి చెవి చాలకే కాలువలో దిగుతుంది. ఎండాకాలం గేదెను నీళ్ళలోంచి బయటికి లాగడానికి మనం పడే అవస్థ ఎందుకో అప్పుడు అర్థమైంది.

"గబ్బిలానికండి? తోటలో వేలాడే పెద్దవి కాదు, ఇళ్ళల్లో దూరే చిన్నవి. మొహమంతా చెవులే."

"అది వినడానికి. అవి చీకట్లో చెవులతోనే దారి చూసుకుంటాయి. కుందేలుకీ వినికిడే సగం బతుకు. దాన్ని తినని జంతువు లేదు కదా."

"మరి సీమపందికి చెవులు కళ్ళ మీదకి పడి ఉంటాయి. దాంతో ఏం వింటుంది, ఏం చల్లబడుతుంది?"

"అది మనుషులు పెంచిన చెవి బుల్లెమ్మా. అడవిలో అయితే అలాంటి చెవితో పులికి దొరికిపోయేది. మన దగ్గర దానికి ఆ భయం లేదు. మనం కండ చూసి పెంచాం, చెవి ఎలా వస్తే అలా వచ్చింది."

కాబట్టి చెవి ఒక్కటే చూసి అంతా చెప్పెయ్యొచ్చని నేను అనడం లేదు. ఆ బూడిద కుందేళ్ళు చావడానికి వాటి బొచ్చు కూడా సగం కారణం. కాని చలికొండల మీద వాటికి సరిపోయిన చెవి మా ఊరి మే నెలకి సరిపోలేదు. తప్పు కుందేలుది కాదు, చెవిది కాదు. దాన్ని ఎక్కడికి తెచ్చామో ఆలోచించని మనది. టీచరుగారు షెడ్డు విప్పించి మళ్ళీ తోటలోనే పాక వేయించారు, ఏటా దింపు తప్పకుండా తీయించే చెట్ల కింద. బూడిదవాటిని చల్లటి ఊరివాళ్ళకి ఇచ్చేశారు. మా ఎనిమిది మందికీ ఇచ్చిన జతలు పొడుగు చెవులవే.

నెల తిరక్కుండా నాకు పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. మెమో అంటే తప్పు చేశావు, ఎందుకు చేశావో చెప్పమని అడిగే కాగితం. సూర్యారావుగారు ఫిర్యాదు పెట్టారట. "మీ విధుల పరిధిలో లేని విషయంలో జోక్యం చేసుకుని, పంచనామాపై సంతకం నిరాకరించినందుకు" వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి. డాక్టరుగారు కంగారుపడి, "నేను రాసిస్తాను, నువ్వు కింద సంతకం పెట్టు," అన్నారు. "తెలియక చేశాను, ఇకమీదట జరగదు అని రాద్దాం. అంతటితో పోతుంది."

"తెలిసే చేసేనండి," అన్నాను. "నేనే రాసుకుంటాను."

రెండు సాయంత్రాలు పట్టింది. నా బతుకులో నేను సొంతంగా రాసిన మొదటి ఆఫీసు కాగితం అది. ఇలా రాశాను:

"అయ్యా, జంతువు చెవి పట్టుకుని చూడడం నా పని. నేను చూశాను. అంటువ్యాధి నా సమక్షంలో నిర్ధారణ అయినదని కాగితంలో రాశారు. కాలేదు. అందుకని సంతకం పెట్టలేదు. డాక్టరుగారు నిజం రాశాక పెట్టాను. ముందుముందు కూడా ఇలాగే చేస్తాను. ఇట్లు, బుల్లెమ్మ, అటెండరు."

దానికి జవాబు రాలేదు. మందలింపూ రాలేదు, మెచ్చుకోలూ రాలేదు. ఆ సంవత్సరం అందరికీ ఇచ్చిన ఇంక్రిమెంటు నాకు మూడు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేదు. నేనూ మళ్ళీ అడగలేదు, నా జవాబూ మార్చుకోలేదు.

చదువు నేర్చుకున్నది కాగితం చదవడానికే అని చాలాకాలం అనుకున్నాను. ఆ రోజు నాకు తెలిసింది వేరు. కాగితం చదవడం సగం పని. దాని మీద రాసింది ఎదురుగా ఉన్న ప్రాణిలో ఉందో లేదో చూసుకోవడం మిగతా సగం. రెండోది నాకు అక్షరాలు రాకముందు నుంచీ వచ్చు. ఆ సంగతి అంతవరకూ నాకే తెలియదు.

ఆ తర్వాత పదిహేనేళ్ళు అదే ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యాను. సంతకం పెట్టమని ఏ కాగితం తెచ్చినా, ముందు పశువు దగ్గరికి వెళ్ళి చెవి పట్టుకుని చూసి, అప్పుడు వచ్చి కాగితం చదివేదాన్ని. ఆ పదిహేనేళ్ళలో డాక్టర్లు నలుగురు మారారు. నలుగురూ నేను తిరిగి వచ్చేదాకా కాగితం పట్టుకుని వరండాలో నిలబడ్డారు.